శిక్షణ ముగిసిన చోట మొదలైన ఓబులమ్మ

డాక్టర్ ఓబులమ్మ మరణవార్త నాకు పరీక్షల మూల్యాంకన కేంద్రంలో, జవాబు పత్రాల కట్ట ముందు కూర్చుని ఉండగా అందింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు మద్దిలేటి. "వసుంధరక్కా, మా అక్క పోయింది" అన్నాడు. యథాలాపంగా, ఎక్కడికి అని అడగబోయాను. ఆమె ఎప్పుడూ ఏదో ఒక పల్లెకు పోతూనే ఉండేది కనుక ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని నాకు వెంటనే తట్టలేదు. ముందురోజు సాయంత్రం పల్లె నుంచి తిరిగి వచ్చి ఎదలో బరువుగా ఉందన్నదట. అనంతపురం ఆసుపత్రిలో చేర్చారు. పొద్దున నర్సుతో మాట్లాడుతూ మాట్లాడుతూనే కన్ను మూసిందట. ఉద్యోగ విరమణకు ఇంకా ఏళ్ళున్న మనిషి.

చేతిలోని ఎర్ర కలాన్ని ఎక్కడ పెట్టానో తెలియలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు నీళ్ళు తాగించారు. ఇంకా ఎవరెవరికి చెప్పావని మద్దిలేటిని అడిగాను. "సలోమికి చెప్పినా అక్కా, ఆమె బయల్దేరింది. ఆమె తర్వాత నీకే చేసినా" అన్నాడు. సలోమి ఎవరో ఈ వ్యాసం చదివేవారికి ముందు ముందు తెలుస్తుంది. ప్రస్తుతానికి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అంతటి దుఃఖంలో కూడా, ఇన్నేళ్ళ సహోద్యోగిని అయిన నాకంటే ముందు ఆ వార్త ఇంకొకరికి చేరిందన్న బాధ నా మనసులో ఒక మూల చురుక్కుమంది. ఓబులమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ నాకు ఆమె పట్ల ఉన్న భావాలలో అన్నిటికన్నా నమ్మకమైనది అసూయే. ఆమె పోయిన రోజు కూడా అది నన్ను విడిచి పోలేదు. అందుకని దాన్ని దాచిపెట్టి, కేవలం గుణకీర్తనతో ఈ సంస్మరణ రాస్తే ఆమెకే నచ్చదు. ఆమె నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. కాబట్టి ఏకవచనంలోనే రాస్తాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఓబులమ్మ వృత్తి విద్యా పరిశోధకురాలు. ఐటీఐలలో చదివే పిల్లలు, ఫ్యాక్టరీలలో ట్రైనీలుగా చేరేవారు, మెకానిక్కు షాపులలో ఉస్తాదు దగ్గర పని నేర్చుకునేవారు, వీరంతా ఏమి నేర్చుకుంటారు, ఎలా నేర్చుకుంటారు, నేర్చుకున్నది వారి జీవితాలకు ఏ మేరకు అన్నం పెడుతుంది అన్నది ఆమె జీవితకాల అన్వేషణ. విద్యాశాస్త్రంలో ఈ శాఖకు గౌరవం తక్కువ. చదువు రానివాళ్ళ చదువు గురించి చేసే చదువు అని మా తోటి అధ్యాపకులే వెటకారం చేసేవారు. నేను ఆ విషయాన్ని ఎంచుకున్నది మా గురువుగారు దాన్ని నాకు కేటాయించినందువల్ల. మాది అనంతపురంలో బట్టల అంగడి కుటుంబం. పని నేర్చుకోవడం అన్నది నేను పుస్తకంలో చూసిన సంగతి. ఓబులమ్మ మాత్రం దాని నడుమనే పుట్టింది.

యాడికిలో ఆమె నాయనకు బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉండేది. మా జిల్లాలో వాన కురవకపోయినా మోటార్లు కాలడం మాత్రం తప్పదు. నీళ్ళు లేని బోరులో మోటారు తిరిగి తిరిగి మాడిపోతుంది. దాన్ని విప్పి, కాలిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టాలి. ఆ షాపులో అరుగు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ ఓబులమ్మ పెరిగింది. పని నేర్చుకుందామని చేరినవాళ్ళు మొదట ఊడ్చేవారు, టీ తెచ్చేవారు, మోటార్లు మోసేవారు. కొన్నాళ్ళకు కొందరి చేతికి తీగ వచ్చేది. ఇంకొందరికి ఎన్నేళ్ళయినా రాదు. "మొదటి యేడు అందరికీ ఒకటే అక్కా. కొందరికి ఆ మొదటి యేడు అయిపోదు. ఎందుకు అయిపోదు అనేదే నా ప్రశ్న" అని పరిశోధక విద్యార్థినిగా చేరిన కొత్తలో నాతో చెప్పింది. నేను ఆమెకంటే ముందే చేరాను. అప్పటికే ఒక అధ్యాయం రాసి గురువుగారికి ఇచ్చాను. నా దగ్గర పట్టికలు ఉన్నాయి, ఆధార గ్రంథాల జాబితా ఉంది. ఒక ప్రశ్న మాత్రం లేదు. ఆ సంగతి ఆమె మాట విన్న రోజే నాకు తెలిసింది. నా అసూయకు అదే పుట్టినరోజు.

ఆమె సిద్ధాంత గ్రంథంలో సొంత నాయన షాపు గురించి ఒక అధ్యాయం ఉంది. పేరు మార్చి రాసింది గానీ యాడికిలో ఎవరు చదివినా గుర్తుపడతారు. బంధువుల పిల్లలకు తీగ తొందరగా చేతికిచ్చి, తక్కినవాళ్ళను ఏళ్ళ తరబడి మోతపనికే పెట్టుకున్నాడని అందులో దాపరికం లేకుండా రాసింది. పట్టా వచ్చాక ఆ అధ్యాయాన్ని ఆయనకు చదివి వినిపించిందట. ఆయన మొత్తం విని, "నిజమే రాసినావు. రాసేకి ముందు నాకు చదివి చెప్పింటే బాగుండు" అన్నాడట. ఆమెకు ఆ మాట మనసులో నాటుకుపోయింది. అప్పటి నుంచి ఎవరి గురించి ఏమి రాసినా, అచ్చుకు పోకముందు వాళ్ళ ముందు కూర్చుని తెలుగులో చదివి వినిపించేది. వాళ్ళు ఒప్పుకోని వాక్యం ఉంటే, వాళ్ళు ఎందుకు ఒప్పుకోలేదో కూడా కింద రాసేది. ఈ పద్ధతిని సదస్సులలో అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా మెచ్చుకున్నాను. ఇంటికి వెళ్ళాక, మా నాయన అంగడిలో గుమాస్తాల గురించి నేనెందుకు ఒక్క మాట రాయలేదని చాలాసేపు ఆలోచించాను.

సదస్సుల ప్రస్తావన వచ్చింది కనుక ఒకటి చెబుతాను. హైదరాబాదులో ఒక జాతీయ సదస్సులో మేమిద్దరం ఒకే పూట పత్రాలు చదివాం. నేను ఎన్నో వారాలు కసరత్తు చేసి, స్వచ్ఛమైన గ్రాంథికచ్ఛాయతో ఉపన్యసించాను. మర్యాదగా చప్పట్లు కొట్టారు. తర్వాత ఓబులమ్మ లేచి, మా సీమ యాసలోనే, ధర్మవరంలో మగ్గం పనికి చేరిన ఒక పిల్ల రోజు ఎలా గడుస్తుందో చెప్పుకుంటూ పోయింది. పత్రం చేతిలోనే ఉంది గానీ దానివైపు చూడలేదు. అయిపోయాక ప్రశ్నలన్నీ ఆమెకే. నా పత్రం మీద అడిగిన ఒకే ఒక ప్రశ్నకు కూడా, అడిగినాయన జవాబు కోసం ఆమెవైపు చూశాడు. తిరుగు ప్రయాణంలో రైలు గుత్తి దాటేదాకా నేను మాట్లాడలేదు. ఆమె వేరుశనగకాయలు వలిచి నా చేతిలో పోస్తూ, తాపీగా అంది: "అక్కా, నీకు నా మీద కుళ్ళు ఉండాది కదా." నేను ఉలిక్కిపడి లేదన్నాను. "ఉండనీలే, ఏం కాదు. బాగుంది బాగుంది అనేటోళ్ళు నా రాతలు రెండు పేజీలు చూసి పక్కన పెడతారు. కుళ్ళున్నోళ్ళే కడాకు చదివేది. నాకు తప్పులు చెప్పేకి నువ్వు కావల్ల."

హాస్యానికి అన్నదేమో అనుకున్నాను. కాదు. ఆ తర్వాత ఆమె రాసిన ప్రతి పత్రం మొదటి ప్రతి నాకే వచ్చేది. నేను తప్పుల కోసమే చదివేదాన్ని. దొరికితే సంతోషించేదాన్ని. దొరికిన తప్పు ఆమె దిద్దుకున్నాక పత్రం ఇంకా బాగయ్యేది. ఈ విధంగా నా అసూయ కూడా ఆమె పరిశోధనకే ఉపయోగపడింది. అంతకంటే అసూయ పడవలసిన సంగతి ఇంకేముంటుంది?

పదవుల విషయంలో నాదే పైచేయి. ప్రొఫెసర్ హోదా నాకు ముందు వచ్చింది, విభాగాధిపతిని అయ్యాను. ఆమె దరఖాస్తులు ఎప్పుడూ ఆలస్యంగా పెట్టేది, కొన్నిసార్లు పెట్టేదే కాదు. సెలవు రోజుల్లో ఆమె పల్లెవెలుగు బస్సులోనే దొరికేది. శిక్షణ ముగించి పోయిన పిల్లల ఇళ్ళకు వెళ్ళేది. మా రంగంలో అందరూ శిక్షణ ముగిసిన రోజున ప్రశ్నావళి పంచి, నింపించుకుని, లెక్క తేల్చి వచ్చేస్తారు. నేనూ అదే చేశాను. ఓబులమ్మ మాత్రం, సర్టిఫికెట్ ఇచ్చిన రోజు మనకు ఏమీ తెలియదనేది. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, కరువొచ్చాక, ఆ మనిషి చేతిలో ఆ పని ఇంకా ఉందా లేదా అని చూసి వచ్చేది. ఏళ్ళ తరబడి అదే మనుషుల దగ్గరికి. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు ఆమెకు పిలుపులు వచ్చేవి. విభాగం చిరునామాకు వచ్చిన శుభలేఖల మీద పసుపు చుక్కలు చూసి, ఏదైనా నా పేరున ఉందేమోనని చూసుకునేదాన్ని.

ఇక ఆమె జీవితంలో అతి కఠినమైన ఘట్టం. రాప్తాడు దాటాక హైవే పక్కన ఒక బట్టల ఫ్యాక్టరీ ఉండేది. పేరు అనవసరం. శనక్కాయ పంట పోయిన ఇళ్ళ నుంచి ఆడపిల్లలు అక్కడ ట్రైనీలుగా చేరేవారు. వాళ్ళు నిజంగా ఏమి నేర్చుకుంటున్నారో అధ్యయనం చెయ్యమని ప్రభుత్వం మా విభాగానికి అప్పగించింది. బాధ్యత మా ఇద్దరి పేరా ఉంది. నేను ప్రశ్నావళి తయారుచేశాను. శిక్షణ తృప్తికరంగా ఉందా అన్న ప్రశ్నకు దాదాపు అందరూ ఉందనే గుర్తు పెట్టారు. ఓబులమ్మ ఆ కాగితాలన్నీ చదివింది. తర్వాతి ఆదివారం ఒక సంచి భుజాన వేసుకుని నన్ను కూడా ఆ పిల్లల పల్లెకు తీసుకుపోయింది. ప్రార్థన అయిపోయాక చర్చి పక్క గదిలో అందరూ కూర్చున్నారు. అక్కడ పాస్టరు గారి భార్య కుట్టుమిషను ఉంది. ఓబులమ్మ సంచిలోంచి ఒక చొక్కాకు కావలసిన ముక్కలన్నీ, కత్తిరించినవి, తీసి చాప మీద పరిచింది. దీన్ని చొక్కా చెయ్యండమ్మా అంది.

ఎవరికీ చేతకాలేదు. ఒకామె కాలరు అందంగా కుట్టింది. ఇంకొకామె జేబు కుట్టింది. కానీ ఏ ముక్క ముందు ఏ ముక్కకు అతకాలో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అప్పుడు వెనుక గోడకు ఆనుకుని ఉన్న సన్నటి పిల్ల ఒకతె, "రెండేండ్లుగా కఫ్‌లే కుడతాండా మేడం. చొక్కా యాడ మొదలైతాదో నాకు తెల్దు" అంది. ఆ పిల్లే సలోమి. వీళ్ళందరికీ కొన్నాళ్ళలో 'టైలర్' అని సర్టిఫికెట్లు వస్తాయి. నేను తెచ్చిన కాగితాలలో వీళ్ళంతా తృప్తిగా ఉన్నారు. ఆ ముక్కల సంచి ఆలోచన నాకెందుకు రాలేదని బస్సులో కూర్చుని కుమిలిపోయాను. బట్టల అంగడిలో పుట్టింది నేను కదా.

నివేదిక ఓబులమ్మే రాసింది. అలవాటు ప్రకారం ఆ గదికే తీసుకెళ్ళి చదివి వినిపించింది. పిల్లలు చివరిదాకా విన్నారు. అంతా నిజమేనన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే దీన్ని ఇవ్వొద్దని బతిమాలసాగారు. ఇది బయటికి పోతే ఫ్యాక్టరీవాళ్ళు ట్రైనీలే వద్దంటారు, నెల నెలా వచ్చే ఆ కాస్త స్టైపెండు కూడా పోతుంది, ఇంట్లో ఇంకో ఆధారం లేదు అన్నారు. నిజం రాయడం, రాసినది మనుషులకు చదివి వినిపించడం, రెండూ ఓబులమ్మ నియమాలే. ఆ రెండు నియమాలూ ఆ మధ్యాహ్నం ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. ఇది ప్రభుత్వం అడిగిన అధ్యయనం, ఆపే అధికారం మనకు లేదని నేను ఆమె చెవిలో చెప్పాను. ఆమె నా మాట పట్టించుకోలేదు. సాయంత్రం దాకా వాళ్ళతో కూర్చుంది. ముందు తానే వెళ్ళి మేనేజరుతో మాట్లాడుతానంది. మాట్లాడింది కూడా. పనులు మార్చి మార్చి నేర్పితే ఉత్పత్తి తగ్గుతుందని ఆయన మర్యాదగా సాగనంపాడు. మళ్ళీ వచ్చి పిల్లల ముందు ఆ సంగతి పెట్టింది. ఈసారి చాలామంది, సరే, ఇవ్వండి మేడం, కాకపోతే మాకు పని వద్దని కాదు, పూర్తి పని నేర్పాలని అడుగుతున్నామని మా మాటగా రాయండి అన్నారు. అలాగే చేర్చింది.

సలోమి ఒక్కతే ఒప్పుకోలేదు. "మీకు పుస్తకం అయితాది. మాకు కూడు పోతాది. నా పేరున వద్దనే రాసుకోండి" అంది. ఓబులమ్మ ఆ మాటనూ నివేదికలో చేర్చింది. చేర్చి, సమర్పించింది.

సలోమి చెప్పినట్టే జరిగింది. ఇక ట్రైనీలను తీసుకోబోమని ఫ్యాక్టరీ ఆ బ్యాచిని ఇంటికి పంపించేసింది. అవతల మా నివేదికకు మంచి పేరు వచ్చింది. ప్రశంసలు వచ్చిన ఆ వారంలోనే సలోమి రెండు బస్సులు మారి మా విభాగానికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వరండాలోనే నిలబడి, "నా పని పోయింది మేడం. మీది బాగా వచ్చిందంట కదా" అంది. తప్పు ఫ్యాక్టరీదని, ప్రభుత్వం పట్టించుకోవాలని నేను సర్దిచెప్పబోయాను. ఓబులమ్మ నన్ను ఆపింది. "నువ్వు వద్దన్నావు. నేను ఇచ్చినా. నా వల్లనే పోయింది" అంది. క్షమించమని అడగలేదు, సంజాయిషీ చెప్పలేదు. సలోమి ఇంకేదో వినడానికి వచ్చినట్టుంది, వెనుదిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఓబులమ్మ క్యారియరు విప్పలేదు. క్లాసు మాత్రం తీసుకుంది.

ఇక్కడితో నేనైతే ఆగిపోయేదాన్ని. ఆమె ఆగలేదు. అనంతపురం పాతూరులో మస్తాన్ సాబ్ అని పెద్ద టైలరు ఉన్నారు. ఆయన దగ్గరికి పోయి ఆ పిల్లలకు పని నేర్పమని అడిగింది. ఆడపిల్లలకు ఎప్పుడూ నేర్పలేదని ఆయన వెనుకాడాడు. ఆమె రోజూ పోయి కూర్చుంది. చివరికి ఆయన ఒప్పుకున్నాక ఒకే ఒక షరతు పెట్టింది. "నేర్పుతా అంటే చాలదన్నా. మొదటి నెల ఈ పిల్లల చేతికి ఏమిస్తావు, రెండో నెల ఏమిస్తావు, ముందే వాళ్ళకు చెప్పల్ల." ఆయన నవ్వి, నా ఉస్తాదు కూడా నాకిట్ల చెప్పలేదమ్మా అన్నాడట. కానీ పిల్లలకు చెప్పాడు. గుండీలు, కాజాలు, తర్వాత చేతులు, తర్వాత కాలరు, ఆ తర్వాత కత్తెర. గుడ్డ మీద కత్తెర పెట్టడానికి ఎవరికి ఎప్పుడు వంతు వస్తుందో అందరికీ ముందే తెలుసు. ఆ పిల్లలలో కొందరు ఇప్పుడు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే సొంత యూనిట్లు నడుపుతున్నారు. కొందరు మధ్యలోనే మానేశారు. ఇద్దరు ముగ్గురు బెంగుళూరు ఫ్యాక్టరీలకు పోయి మళ్ళీ కఫ్‌లే కుడుతున్నారు. ఈ సంగతి కూడా ఓబులమ్మ దాచలేదు, రాసింది. కొంతకాలానికి మనుషులు దొరకక ఆ ఫ్యాక్టరీయే మళ్ళీ ట్రైనీలను పిలిచింది. ఈసారి మూడు నెలలకొకసారి పని మార్చే పద్ధతి పెట్టింది. ఆ పద్ధతి ఎవరు చెబితే వచ్చిందో వాళ్ళు ఎక్కడా చెప్పుకోలేదు. ఆమె కూడా చెప్పుకోలేదు. నేనే అయితే కనిపించినవారికల్లా చెప్పుకునేదాన్ని.

సలోమి మస్తాన్ సాబ్ దగ్గరికి రాలేదు. కూలికి పోయింది. కూలి లేని రోజుల్లో ఇంట్లోనే ఉంది. ఓబులమ్మ ఆ ఇంటికి పోతూనే ఉండేది. సలోమి మంచినీళ్ళు ఇచ్చేది, మాట్లాడేది కాదు. వాళ్ళమ్మతో మాట్లాడి ఓబులమ్మ తిరిగి వచ్చేసేది. ఎందుకు పోతావు, నిన్ను చూస్తే ఆ పిల్లకు మంటే కదా అని అడిగాను. "మంట ఉండాదో తగ్గిందో పోయి చూస్తేనే కదక్కా తెలిసేది" అంది. కొన్నేళ్ళు ఇలాగే గడిచింది. అప్పటికి ఆమె నాయన కాలం చేశాడు. షాపు మద్దిలేటి చూసుకుంటున్నాడు. పని ఎక్కువై, మనిషి కోసం వెతుకుతూ, అక్క నోట ఎన్నోసార్లు విన్న సలోమిని, అక్కకు చెప్పకుండా తానే వెళ్ళి అడిగాడు. సలోమి ఇచ్చిన జవాబును ఓబులమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో, ఎంత సంబరంగా చెప్పిందో. "మీ అక్క చెప్పి పంపింటే రాను. నువ్వే అడుగుతాండావా? అయితే చెప్పు. మొదటి నెల నా చేతికి ఏమిస్తావు?"

"చూస్తివా అక్కా, నా ప్రశ్న నా తమ్మునికే వేసింది" అని ఓబులమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నా విద్యార్థులు చాలామంది అధ్యాపకులయ్యారు, అధికారులయ్యారు. ఏ పండక్కో సందేశాలు పంపుతారు. కానీ నా మాట ఒకటి ఇంకొకరి నోట్లో, నా మీద కోపంతోనే అయినా, అలా సొంతమాటగా పలకడం నేను ఎరుగను. మొదటి నెలలోనే మద్దిలేటి ఆమె చేతికి తీగ ఇచ్చాడు. యాడికిలో ఇప్పుడు ఆ షాపులో మోటారు విప్పేది, చుట్టేది, రైతుతో గట్టిగా మాట్లాడేది సలోమే.

అంత్యక్రియలు యాడికిలోనే జరిగాయి. కుట్టుపని పిల్లలు వచ్చారు, ఐటీఐ పిల్లలు వచ్చారు, ధర్మవరం నుంచి మగ్గం పనివాళ్ళు వచ్చారు. మస్తాన్ సాబ్ చేతికర్ర పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని ముందుకు పోయి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వాళ్ళకు ఒకరికొకరు తెలుసు, అందరికీ ఆమె తెలుసు. నేను ఎవరో మద్దిలేటి చెప్పవలసి వచ్చింది.

పది రోజుల తర్వాత విభాగంలో సంతాపసభ పెట్టాం. అధ్యక్షత నాది. నేను రాసుకున్న ఉపన్యాసం నా చేతిలో ఉంది. అందులో మహోన్నతమైన విశేషణాలన్నీ ఉన్నాయి. వక్తల జాబితాలో సలోమి పేరు లేదు. ఆమె వెనుక వరుసలోంచి లేచి, నేను ఒక మాట చెప్పొచ్చా అని అడిగింది. రమ్మన్నాను. వేదిక ఎక్కలేదు, కిందనే నిలబడి మాట్లాడింది.

"ఆమె మంచిదని అందరూ చెప్పినారు. నాకు ఆమె మీద కోపం ఇంకా పోలేదు. నేను వద్దంటే రాసింది. మా ఇంట్లో ఆ యేడంతా ఎట్ల గడిచిందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. తెలిసీ మా ఇంటికి వస్తాండె. నేను మాట్లాడకపోయినా వస్తాండె. నా కోపం చూసేకే వస్తాండె అనిపిస్తాది. పోయిన నెల కూడా వచ్చి, ఇంకా ఉండాదా అని అడిగింది. ఉండాది అంటి. సరే, మళ్ళొస్తా అనింది." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంగ రాదు. ఈ కోపం నేను యాడ పెట్టుకునేది?"

నేను ఆ పిల్లను చూస్తూ ఉండిపోయాను. ఓబులమ్మకు దక్కిన ప్రశంసలు, చప్పట్లు, శుభలేఖలు, వీటన్నిటికీ అసూయపడ్డాను. కానీ ఆ పూట ఆ కోపాన్ని చూసి పడినంత అసూయ నేను జన్మలో పడలేదు. నా మీద ఎవరికీ కోపం లేదు. నేను ప్రశ్నావళులు పంచిన ఇళ్ళలో నేను వచ్చానన్న సంగతే ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఒక మనిషి తన బతుకు బాగుపడినా, ఇంకొక మనిషి మీద కోపాన్ని ఇన్నేళ్ళు పోనివ్వకుండా ఉంచుకుందంటే, ఆమె మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఎంత ఉండాలి? అలాంటి నమ్మకాన్ని సంపాదించే పరిశోధన ఏ విశ్వవిద్యాలయంలోనూ నేర్పరు. నేర్పగలిగిన ఒక్కతె వెళ్ళిపోయింది. ఆమె కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చుంటారు, పాఠాలు చెబుతారు, పత్రాలు రాస్తారు. ఆ పల్లెల్లో ఆ గుమ్మాల ముందు మళ్ళీ మళ్ళీ పోయి నిలబడేవాళ్ళు మాత్రం నాకు కనుచూపు మేరలో లేరు.

అధ్యక్షోపన్యాసం చెయ్యమన్నారు. లేచాను. రాసుకున్న కాగితాలు బల్ల మీదే వదిలేశాను. నోటికి వచ్చింది ఇంతే: "ఓబులమ్మ నా తర్వాత వచ్చింది. నాకంటే ముందు పోయింది. మధ్యలో ఎంత ప్రయత్నించినా ఒక్కసారి కూడా నేను ఆమెను అందుకోలేకపోయాను."